ఉగ్రస్తంభం దారిలో భయమేస్తే? ప్రహ్లాదుడు నేర్పిన స్నేహం



అహోబిలం వీడియోలో దారి, గుళ్ళు చూపించేసరికే టైమ్ అయిపోయింది. కానీ ఆ యాత్ర అనగానే కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఉగ్రస్తంభం దాకా ఎక్కలేకపోతే యాత్ర పూర్తయినట్టా, కానట్టా?" దానికి జవాబు ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అహోబిలం నంద్యాల జిల్లాలో, ఆళ్ళగడ్డ దగ్గర, నల్లమల అడవిలో ఉంది. 108 దివ్యదేశాల్లో ఒకటి. తిరుమంగై ఆళ్వారు కీర్తించిన క్షేత్రం. ఇక్కడ స్వామి తొమ్మిది రూపాల్లో కొలువై ఉన్నాడు. ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వాగు వెంట నడిచి, వరాహ నరసింహస్వామిని దర్శించుకుని, పైకి పోతే జ్వాలా నరసింహస్వామి గుడి వస్తుంది. వీటన్నిటికీ పైన, నిట్టనిలువుగా చీలినట్టు కనిపించే కొండే ఉగ్రస్తంభం. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని భక్తుల నమ్మకం. పైన స్వామి పాదాలకి మొక్కుతారు.

మేం యానాం నుంచి నలుగురం వెళ్ళాం. మా ఊరి సంగతి తెలుసుగా! ఎత్తు అంటే గోదావరి గట్టు, కాదంటే యానాం టవర్. గౌతమి ఒడ్డున చదును నేల మీద పెరిగిన కాళ్ళు మావి. జ్వాలా నరసింహస్వామి దాకా చమటలు కక్కుకుంటూ, నామం చెప్పుకుంటూ బానే ఎక్కాం. ఆ తర్వాత అసలు పరీక్ష మొదలైంది. మెట్లు లేవు. కాలు పెడితే జారే రాళ్ళు, ఇరుకు దారి. చివరికొచ్చేసరికి పక్కన చెట్టు కూడా లేదు. చూపు పక్కకి తిప్పితే లోయే.

అక్కడ మాలో ఒకడు ఆగిపోయాడు. రాయిని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుండిపోయాడు. పైకీ రాడు, కిందికీ దిగడు. మాతో వచ్చిన గైడన్న తొందరపెట్టలేదు. "కూర్చోనివ్వండి. కిందికి చూడొద్దని చెప్పండి. ఒక్కణ్ణీ మాత్రం వదలొద్దు" అన్నాడంతే.

ఎవరో ఒకరు ఉండాలి. ఉంటానన్నవాడెవరో తెలుసా? మొక్కుకుని వచ్చినవాడే! వాళ్ళమ్మగారికి ఆపరేషనైనప్పుడు, ఆవిడ లేచి తిరిగితే స్తంభం దగ్గర కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాడు. ఆ కాయ సంచిలోనే ఉంది. "నువ్వెళ్ళు మావా, నేనుంటాను" అని నేనన్నా వినలేదు. "చిన్నప్పట్నుంచీ వాడు నా మాటే వింటాడు. నువ్వుంటే లేవడు" అన్నాడు. అన్నట్టే గంటసేపు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగూ దింపాడు. మేమిద్దరం గైడన్నతో పైకెళ్ళి మొక్కి వచ్చాం. కాయ మాత్రం వాడు మాకివ్వలేదు. "మొక్కింది నేను, నేనే కొట్టాలి" అన్నాడు.

ఆ రాత్రి దిగువ అహోబిలంలో అడిగాడు. "అంత దగ్గరికొచ్చి వెనక్కి తిరిగాను. అమ్మకేమైనా అవుతుందా?"

నవ్వకండి. కన్నతల్లి మీద మొక్కుకున్న ఎవరికైనా ఆ భయం ఉంటుంది. అందుకే భాగవతం ఏడో స్కంధంలోకి వెళ్దాం.

మొదటి మాట, భయం పాపం కాదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి ఉగ్రరూపంలో ఉంటే దేవతలు దూరంగా నిలబడ్డారు. అమ్మవారు, సాక్షాత్తూ లక్ష్మీదేవి, ఆ రూపం చూసి దగ్గరికి పోలేకపోయింది! అప్పుడు బ్రహ్మదేవుడు చిన్నపిల్లవాడైన ప్రహ్లాదుణ్ణి పంపాడు. అమ్మవారి భక్తిలో లోపముందని ఎవరైనా అంటారా? మరి రాయి పట్టుకుని వణికిన మన స్నేహితుణ్ణి "నీకు భక్తి చాల్లేదు" అని ఎలా అంటాం?

రెండో మాట, ధైర్యం వేరు, తెగింపు వేరు. ప్రహ్లాదుణ్ణి కొండల మీంచి తోయించారు. స్వామి కాపాడాడు. బాగా గమనించండి, ఆయన్ని తోశారు, ఆయన దూకలేదు. స్వామిని పరీక్షించడానికి ఒక్కసారి కూడా అంచుకి వెళ్ళలేదు. "దేవుడే చూసుకుంటాడు" అంటూ లోయ అంచున వెనక్కి వెనక్కి జరుగుతూ సెల్ఫీ తీసుకోవడం ప్రహ్లాద భక్తి కాదండీ.

మూడోది అన్నిటికంటే పెద్ద మాట. ప్రహ్లాదుడు బడిలో ఒంటరిగా జపం చేసుకుంటూ కూర్చోలేదు. గురువులు పనిమీద వెళ్ళినప్పుడు తోటి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని హరిభక్తి చెప్పాడు. వాళ్ళు కూడా రాక్షసుల పిల్లలే. చివరికి స్వామి ఎదుట నిలబడి చేసిన స్తోత్రంలో ఏమంటాడో చూడండి. మునులు తమ ముక్తి కోసం అడవుల్లో ఏకాంతంగా తపస్సు చేస్తారు, నేను మాత్రం ఈ దీనులందర్నీ వదిలేసి ఒక్కణ్ణే ముక్తి పొందాలనుకోను అంటాడు. ఆయన భావం అది. ఎదురుగా స్వామి ఉన్నాడు, చెయ్యి చాస్తే మోక్షం. అక్కడ కూడా వెనకాల ఉండిపోయినవాళ్ళే గుర్తొచ్చారు ఆ పిల్లవాడికి!

ఇప్పుడు మావాడి ప్రశ్నకి రండి. మొక్కు తీరిపోయిందా? తీరలేదు. స్వామికి ఇస్తానన్నది ఇవ్వాల్సిందే, ఆ బాకీ అలాగే ఉంది. అయితే దోషం ఉందా? లేదు. భయంతో కూర్చున్నవాణ్ణి వదలని గుణం స్వామిదే. స్తంభం ఎక్కడుంది కథలో? కొండ మీద కాదు, సభలో. పసివాడు నిలబడ్డ చోటికే స్వామి వచ్చాడు కానీ, ఇక్కడికి ఎక్కి రా అని పిలవలేదు. అదే చెప్పాను వాడికి. "అమ్మగారికేం కాదు. మళ్ళీ వద్దాం, కాయ నువ్వే కొడుదువుగాని." ఆవిడ కులాసాగా ఉన్నారండీ. ఆ సంగతి విని, "వాణ్ణి జాగ్రత్తగా దింపావా?" అని మాత్రం అడిగారట.

ఎక్కలేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. మన గోదావరి జిల్లాలనే చూడండి. కోరుకొండలో స్వామి కొండెక్కి మెట్ల మీంచి రమ్మంటాడు. అంతర్వేదిలో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, చదును నేల మీదే కొలువయ్యాడు. అహోబిలంలో చెంచులక్ష్మిని పెళ్ళాడి చెంచులకి అల్లుడయ్యాడు. సంక్రాంతి వెళ్ళాక పారువేటకి ఊరూరా తనే తిరుగుతాడు. ఎవరు ఎంత ఎక్కగలరో ఆయనకి తెలీదంటారా?

వెళ్ళేవాళ్ళకి నాలుగు జాగ్రత్తలు. తెల్లవారుజామునే బయల్దేరండి. దారి తెలిసిన గైడ్ లేకుండా ఉగ్రస్తంభం వైపు పోవద్దు. వానపడితే ఆ ఆలోచనే మానుకోండి. నీళ్ళు చాలినన్ని పట్టుకెళ్ళండి, ఖాళీ సీసాలు అడవిలో పారేయకండి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా ఆగిపోతే ఎవరు తోడుండాలో కిందే మాట్లాడుకోండి.

ఈ వారం సాధన ఒకటే. భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు తోటి పిల్లలకి చేసిన బోధ చదవండి. చదివాక, చదువులోనో ఉద్యోగంలోనో మీ వెనకాల ఆగిపోయిన స్నేహితుడికి ఒక ఫోన్ చెయ్యండి. సలహా ఏమీ అక్కర్లేదు, కాసేపు మాట్లాడండి చాలు.

వచ్చే వారం అంతర్వేది వీడియోతో కలుద్దాం. శుభం భూయాత్. జై నరసింహ!