కడిగిన చెయ్యి, కడగని చూపు

శుభ్రమంటే ఏంది? మడి అంటే ఏంది? రెండూ ఒకటేనా? ఈ ప్రశ్న నాకు బి.ఇడి. పుస్తకాల్లో దొరకలేదు. బత్తలపల్లి రోడ్డు పక్కన మా అమ్మ నడిపిన ఉగ్గాని బండి దగ్గర దొరికింది. ఆ బండి మీది డబ్బులతోనే నేను డిగ్రీ చదివినా, సర్కారు బడిలో టీచర్నయినా. మా ఇంట్లో అంతకు ముందు కాలేజీ గడప తొక్కినోళ్లు లేరు.

బత్తలపల్లి అప్పట్లో అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. అనంతపురం, ధర్మవరం, కదిరి దారులు కలిసే చోటు. బస్సు మారేవాళ్లు, మగ్గం పనికి ధర్మవరం పోయేవాళ్లు, ఆర్.డి.టి. ఆసుపత్రికి రోగుల్ని తెచ్చుకున్నవాళ్లు అందరూ అక్కడ దిగాల్సిందే. అందరికీ ఆకలవుతుంది. ఆకలికి కులం లేదంటారు. ఆకలికి లేకపోవచ్చు. తినేముందు చూసే చూపుకు మాత్రం ఉంది.

బండి శుభ్రంగా పెట్టుకోవడం ఒక విద్య. మా సీమలో నీళ్లంటే బిందెల లెక్క. బండికి కొళాయి ఎక్కడిది? అమ్మ మూడు బకెట్లు పెట్టేది. మొదటిదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో జాలించే నీళ్లు, మూడోదాంట్లో ఆఖరున ముంచి తీసే తేట నీళ్లు. మొదటిది మురికైతే పారబోసేది. అప్పుడు రెండోది మొదటిదయ్యేది, మూడోది రెండోదయ్యేది. కొత్త నీళ్లు ఆఖరి బకెట్‌కే. తక్కువ నీళ్లతో ప్లేటు శుభ్రమయ్యే లెక్క అది. తాగే నీళ్ల బిందెకు ఎప్పుడూ మూతే. బొరుగులు నానబెట్టేదీ ఆ నీళ్లల్లోనే. బండి తుడిచే గుడ్డ వేరే, చెయ్యి తుడుచుకునే గుడ్డ వేరే.

అన్నిటికన్నా కష్టమైంది డబ్బు. నోటు ముట్టుకున్న చేత్తో ఉగ్గాని వడ్డించకూడదు. ఒక పక్క బజ్జీల నూనె కాగుతుంటుంది, ఇంకో పక్క బస్సు హారన్ కొడుతుంటుంది, చిల్లర కోసం నాలుగు చేతులు చాస్తుంటాయి. బడి లేని రోజు గల్లా డబ్బా దగ్గర నేను కూచునేవాణ్ణి. నేను లేకపోతే అమ్మ, "ఆ డబ్బాలో ఎయ్యి నాయనా, చిల్లర నువ్వే తీసుకో" అనేది. ముక్కూ మొగం తెలియనోళ్లను తన గల్లా దగ్గరికి రానిచ్చింది మా అమ్మ. అంత నమ్మకం.

ఆ నమ్మకం ఆవలివైపు నుంచి ఎప్పుడూ రాలేదని కాదు. చాలామంది తిన్నారు, మళ్లీ వచ్చారు. కానీ కొందరు బిందె మూత చూడరు, బకెట్లు చూడరు. "మీదే కాలనీమ్మా?" అంటారు. అమ్మ దాచేది కాదు, చెప్పేది. వాళ్లకు ఉన్నట్టుండి బస్సు గుర్తొచ్చేది. రాని బస్సు! అట్లనే నడుచుకుంటా పోయి, పొద్దుటినుంచి ఒకే బకెట్లో ప్లేట్లు ముంచి తీస్తున్న ఇంకో బండి దగ్గర తినేవాళ్లు. అక్కడ కడుపు చెడితే నీళ్లను తిడతారు. మా దగ్గర చెడితే కులాన్ని తిడతారు. ఇదీ తేడా.

శుభ్రం పనితో వస్తుంది. మడి పుట్టుకతో వస్తుంది. పనితో వచ్చేదాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎవరైనా తప్పొచ్చు, చూసి పట్టుకోవచ్చు. పుట్టుకతో వచ్చేదాన్ని నేర్చుకోలేం, కడుక్కోలేం. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాల్ని కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని, ఆ చేతులే బాలింతల్ని చంపుతున్నాయని చెప్పాడు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే చావులు బాగా తగ్గాయి. పెద్దమనుషుల చేతులు మురికేంటని తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. చెయ్యి ఎవరిదన్నది కాదు, కడిగిందా లేదా అన్నదే ప్రశ్న. మన దేశంలో ఆ ప్రశ్నను తలకిందులు చేశారు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ వెంట మనవాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగితే, తర్వాత ఆ చెరువులో పేడ, ఆవు మూత్రం పోసి 'శుద్ధి' చేశారు. తాగే నీళ్లల్లో పేడ కలపడం శుద్ధి! 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే నీళ్లను మురికి చేయొద్దని అడిగినందుకు గొడవ మొదలై, ఆరుగుర్ని చంపారు. శుభ్రం అడిగింది ఎవరు? మురికి చేసింది ఎవరు?

మిత్రులు కొందరు అంటారు: "వాళ్ల ముందు మనం ఎందుకు నిరూపించుకోవాలి? పక్క బండికి లేని పరీక్ష మనకెందుకు?" నిజమే. ఆ పరీక్ష మనం రాయక్కర్లేదు. ఎన్ని మార్కులొచ్చినా అందులో మనల్ని పాస్ చెయ్యరు. మరి మూడు బకెట్లు ఎందుకు? ఇదే మాట అమ్మనడిగితే, "తినేటోడు ఎవురైతే నాకేమిరా. చంటిబిడ్డ కూడా తింటాది గదా" అనింది. ఆ మాటలో నాకు జవాబు దొరికింది. శుభ్రం మన కులం తరఫున ఇచ్చుకునే సాక్ష్యం కాదు. తినేవాడికి వండేవాళ్లు పడిన బాకీ. 2006 ఆహార భద్రత చట్టం అడిగేదీ అంతే: నీళ్లు, చేతులు, మూత. బండివాళ్లందరికీ ఒకటే లెక్క.

ఇప్పుడు చాలా బండ్ల దగ్గర పేపరు ప్లేట్లు, పేపరు కప్పులు. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని కొందరు సంబరపడతారు. మా నాయన కాలంలో టీ అంగట్లో మనం తాగిన గ్లాసు మనమే కడిగి విడిగా పెట్టాలి. ఇప్పుడు ఎవరి ఎంగిలీ ఎవరూ కడగక్కర్లేదు. రోగాల సంగతికొస్తే మంచిదే. కానీ పోయింది గ్లాసే గాని చూపు కాదు. కప్పు మారింది కాబట్టి కులం అడగాల్సిన అవసరం తప్పింది, అంతే.

ఇంకో సంగతి. ఆ ఎంగిలి కప్పులు తెల్లారి ఎవరు ఎత్తుతున్నారు? మా చిన్నమ్మ పక్క మండలంలో పారిశుధ్య కార్మికురాలు. ఆమె చేతులే ఎత్తుతాయి. బండి చుట్టూ నున్నగా ఉండి వీధి చివర కుప్ప పడితే, అది శుభ్రం కాదు. మురికిని ఇంకొకరి చేతికి మార్చడం. కులం చేసిన పనీ ఇదే గదా! ఒకరింటి మురికిని ఇంకో వాడకు మోయించి, మోసినవాళ్లనే మురికి అంది. మన బండి కూడా మనకు తెలియకుండానే ఆ పని చెయ్యొచ్చు. అందుకే అమ్మ స్టీలు ప్లేట్లు వదల్లేదు. పార్సిల్ తప్పనప్పుడు ఇచ్చే కాగితాలకు బండి పక్కనే ఒక డబ్బా పెట్టింది.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రోడ్డు పక్కన తినేటప్పుడు బిందెకు మూత ఉందా, నీళ్లు మార్చారా అని అడగండి. తప్పు లేదు, అది తినేవాళ్ల హక్కు. కాలనీ పేరు అడిగేవాళ్లు పక్కన కనబడితే, బిందె మూత చూపించి మాట్లాడండి. తిన్నాక చేతిలో కప్పు మిగిలితే, రేపు పొద్దున దాన్ని ఎత్తేది ఎవరి చెయ్యో తలుచుకుని వెయ్యండి.