సుంకములేని బాట



గండికోటయొద్ద పెన్నానది కొండను చీల్చిన గండిని మనలో ననేకులు చూచియుందురు. అట్టి గండియే యొక మైలు లోతునకు దిగి, కనుచూపు మేర వ్యాపించినచో నెట్లుండునో యూహింపుడు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున కొలరాడో నది తొలిచిన గ్రాండ్ కాన్యన్ అట్టిది. దాని దక్షిణపు టంచునుండి సౌత్ కైబాబ్ అను కాలిబాట యొకటి లోయలోనికి దిగుచున్నది. మేము మిత్రులతో గూడి యొక యుదయమున నా బాటలో సెడార్ రిడ్జ్ అను చోటువరకు నడిచితిమి. ఆ చిన్న నడక మాకు నేర్పిన పాఠమును నేడు మీ యెదుట నుంచుచున్నాము.

దూరము ఒకటిన్నర మైలు మాత్రమే; కాని యంతలోనే బాట 1,100 అడుగులకు పైగా దిగును. కొండవెన్నుమీదుగా పోవుటచే ఇరుప్రక్కల నగాధము కనబడుచుండును. నీడ మిక్కిలి యల్పము. దారిలో త్రాగునీరు దొరకదు. కొండ యెక్కువాడు ముందుగా శ్రమపడి పిదప సులభముగ దిగును. ఇచ్చట క్రమము తలక్రిందు. చల్లని వేళ హాయిగా దిగి, బలము తగ్గి యెండ ముదిరిన పిమ్మట నెక్కవలెను. దిగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు ఎక్కుటకు పట్టునని అచ్చటి యధికారులు హెచ్చరింతురు. మాలో నొకరు ఆ మాట లక్ష్యపెట్టక, దిగునప్పుడే తన నీటిలో ముప్పాతికపాలు త్రాగివేసిరి. తిరుగుదారిలో వారి కాళ్లు తడబడెను. మేము మా నీరు పంచి యిచ్చితిమి. రాతిచాటు నీడలో కూర్చుండబెట్టితిమి. కాని వారి యడుగు మేము వేయలేకపోతిమి. నెమ్మదిగా, ఒక్కొక్క మలుపున నిలిచి, వారే యెక్కవలసివచ్చెను. ఆత్మోద్ధరణమును ఇట్టిదే కదా! తోడు దొరకును, బదులు దొరకదు.

మేము న్యాయవాదులమగుటచే ఈ బాట చరిత్ర మమ్ము మరింత యాలోచింపజేసెను. ఇది పుట్టుటకు కారణము మరియొక బాటపైని సుంకము. దీనికి పడమట నున్న బ్రైట్ ఏంజెల్ బాట, హవసుపాయి యను నాదివాసులు తరతరములుగా నడచిన త్రోవ. 1890 మొదలు రాల్ఫ్ కామెరాన్ ప్రభృతులు దానిని బాగుచేసిరి. పిమ్మట లోనికి దిగువారియొద్ద తల కొక డాలరు సుంకము గైకొనజొచ్చిరి. ముఖ్యస్థలములను కామెరాన్ గనిహక్కుల పేర పట్టియుంచెను. విలువగల ఖనిజము కనుగొనబడలేదు గనుక, బాట మొదట నున్న అతని గనిహక్కు చెల్లదని 1920లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అయినను బాటపై సుంకము పోలేదు. అందుచే జాతీయోద్యానవనశాఖవారు 1924-25 సంవత్సరములలో, పైయంచునుండి యొక జట్టును నదివైపునుండి యొక జట్టును పనికి బెట్టి, రాతిని పేల్చి త్రవ్వి, ఈ సౌత్ కైబాబ్ బాటను నిర్మించిరి. 1928లో బ్రైట్ ఏంజెల్ బాటయు వారి యధీనమై సుంకము తొలగెను. నేడు ఆ యుద్యానమున ప్రవేశించుటకు రుసుము లేకపోలేదు. కాని యుద్యానమును కాపాడుటకు చెల్లించునది వేరు. ఈశ్వరుని లోయకు నేనే ద్వారమునని దారికడ్డముగా నిలిచి గైకొనునది వేరు.

సెడార్ రిడ్జ్ నుండి ఉత్తరముగ చూచినచో బ్రహ్మదేవాలయము, జొరాస్టరుదేవాలయము అను శిఖరములు కనబడును. ఇట్లు దేవాలయనామములు పెట్టు నాచారము 1880 ప్రాంతమున క్లారెన్స్ డటన్ అను భూశాస్త్రజ్ఞునితో వచ్చినది. విష్ణువు, శివుడు, బుద్ధుడు, కన్ఫ్యూషియసు పేర్లును అచ్చటి శిఖరములకు గలవు. వానికి తలుపులు లేవు. దక్షిణ యడుగువారు లేరు. సూర్యరశ్మి యన్నిటిమీదను ఒక్కరీతి పడుచుండెను. మరియొక విశేషము: ఇంత లోయను తొలిచిన నది ఆ చోటినుండి కనబడదు. దానిని తొలిసారి చూడవలెనన్న ఇంకను ఒకటిన్నర మైలు దిగి స్కెలెటన్ పాయింట్ చేరవలెను. చేసినవాడు కనబడకున్నను, చేసిన పని నలుదెసల సాక్ష్యమిచ్చుచుండెను.

సోదరులారా! ఈ కథ నింతటితో ముగించినచో మనకు మిక్కిలి ప్రీతిగా నుండును. సుంకము తొలగించినవారు సంస్కర్తలు. మనమును అట్టివారమే యని సంతసింపవచ్చును. కాని సాక్ష్యములో సగము దాచుట న్యాయవాదికి తగదు. బ్రైట్ ఏంజెల్ బాట ప్రక్క నీటియూటయొద్ద తోటలు వేసికొని హవసుపాయిలు జీవించుచుండిరి. సుంకము తొలగిన ఆ 1928వ సంవత్సరముననే, వారిలో నచ్చట మిగిలియున్న కడపటి నివాసిని ఉద్యానవనశాఖవారు వెడలగొట్టిరి. బాట అందరిదైనది, ఆ బాటను మొదట నడచినవారికి మాత్రము ఇల్లు లేకపోయెను. 2022లో ఆ చోటికి హవసుపాయి తోటలని పేరు మార్చిరి. తొంబదినాలుగేండ్లకు పేరు తిరిగివచ్చినది. పోయిన యిల్లు పేరుతో రాదు.

ఇదియే మమ్ము బాధించిన విషయము. ఎక్కుదారిలో రొప్పుచు, మేమును మా యూళ్లలో తెరచితిమని చెప్పుకొను ద్వారములను తలచుకొంటిమి. అందరికొరకు తెరచినపుడు ఎవరి నడిగి తెరచితిమి? తెరచిన పిదప లోపల నెవరున్నారు, వెలుపల నెవరు మిగిలిరి? సుంకరి నొకని తొలగించి, మన విద్యయు మన మర్యాదయు అను క్రొత్త సుంకమును మనమే విధించుటలేదుగదా? మాకు వెంటనే తృప్తికరమైన సమాధానము తోచలేదు. పైయంచు చేరునప్పటికి ఆ ప్రశ్న మాతోనే యుండెను, నేటికిని ఉన్నది.

కావున ఆ పరమేశ్వరుని ఇట్లు ప్రార్థింతము: నీ బాటపై సుంకము విధించు నాశ మాకు కలుగకుండుగాక. మా యడుగు మేమే వేయు బలమును, తడబడినవానికి మా నీరు పంచు మనస్సును ప్రసాదింపుము. ఒకనికి దారి తెరచునపుడు మరియొకని యిల్లు మూయకుండ మమ్ము కాపాడుము.