అవసాన సేవ ఎవరి ధర్మం?

సందేహం: కొడుకు గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో, నయం కాని క్యాన్సర్‌తో మంచం పట్టిన మామకు బీడీలు చుట్టే కోడలే దిక్కు. కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. ఆ సేవలో నర్సులను, ఇరుగుపొరుగును కలుపుకుంటే కన్నవారి రుణం తీర్చడంలో లోపం అవుతుందా? జబ్బుకు చికిత్స ఆపి నొప్పికి మాత్రమే మందు ఇవ్వడం దోషమా?

సమాధానం: చరకసంహిత సూత్రస్థానం 9వ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలు చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉపచారం తెలియాలి, చేతినేర్పు ఉండాలి, రోగి మీద ప్రేమ ఉండాలి, శుభ్రత ఉండాలి. రక్తసంబంధం ఈ లక్షణాల్లో లేదు. కోడలికి ప్రేమ ఉన్నా పుండు కడిగి కట్టు కట్టడం రాకపోవచ్చు. అది వచ్చిన నర్సు తోడైతేనే ఆ సేవ నిండుతుంది.

రోగిని కూడా ఒక పాదంగా లెక్కించడం ఇందులో గొప్ప విషయం. ధైర్యం, తన బాధను ఉన్నదున్నట్టు చెప్పగలగడం ఆయన వంతు. చాలా ఇళ్లలో జబ్బు పేరే రోగికి చెప్పరు. దయతోనే దాస్తారు గానీ, ఎవరిని చూడాలని ఉందో, చివరి రోజులు ఆస్పత్రిలోనా సొంత ఇంట్లోనా అన్నది చెప్పుకునే అవకాశం ఆయనకు పోతుంది. అడిగినవారికి అడిగినంత నిజం మెల్లగా చెప్పడమే ధర్మం.

కరీంనగర్ ప్రాంతపు ధూళికట్ట స్తూపం బౌద్ధం ఇక్కడ వేళ్లూనిందని చెబుతుంది. ఆ బౌద్ధుల వినయపిటకంలో, విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువు కథ ఉంది. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టి మంచం మీద చేర్చారు. బుద్ధుడంతటివాడికీ ఆ పనికి రెండో మనిషి కావలసి వచ్చింది.

ఇక చికిత్స ఆపడం. భీష్మపర్వంలో బాణాలు తీయడానికి వచ్చిన శస్త్రవైద్యులకు ధనమిచ్చి గౌరవంగా పంపేయమన్నాడు భీష్ముడు. కానీ వేలాడుతున్న తలకు అర్జునుడు బాణాలతో అమర్చిన ఆనికను, దాహానికి తెప్పించిన నీటిని స్వీకరించాడు. చికిత్స వద్దన్న మనిషికీ ఉపశమనం అందాలి. డాక్టరు చెప్పిన మోతాదులో మార్ఫిన్ ఇచ్చి నొప్పి తగ్గించడం ప్రాణం తీయడం కాదు. వైద్య అవసరానికి అది సులువుగా దొరకాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

తెలంగాణలో ఆదిలాబాద్ సహా పలు జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (ఉపశమన సేవ) కేంద్రాలు ఏర్పడ్డాయి. ‘ఆలన’ పేరిట వైద్య బృందం వాహనంలో రోగుల ఇళ్లకే వెళ్తుంది. పుండ్లు కడగడం, మంచంలో ఒత్తిడి పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం ఇంటివారికి నేర్పుతుంది. అలాంటి బృందాన్ని ఇంటికి పిలవడంలో నామోషీ ఏమీ లేదు.

గల్ఫ్‌లోని కొడుకుకూ ఇందులో వంతుంది. డబ్బు పంపడంతో అది తీరదు. తండ్రితో రోజూ మాట్లాడాలి, డాక్టరు చెప్పేది తానూ వినాలి, వీలైతే ప్రాణం ఉండగానే సెలవు పెట్టి రావాలి. పక్కింటివాళ్లు పూటకో గంట మంచం దగ్గర కూర్చుని కోడలిని నిద్రపోనిస్తే అదీ రోగి సేవే. అలసి పడిపోయేదాకా ఆమెను ఒంటరిగా వదిలేస్తే ఆ దోషం ఆమెది కాదు, చుట్టూ ఉన్నవారిది.