తిరిగివచ్చిన బెల్లపు మూట



మా యింటి ముందుగదిలో అద్దాల బీరువా ఒకటి కలదు. ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట చోడవరములోని మా వీధి పిల్లలు కొందరు వచ్చి దాని ముందు నిలిచి చూచుట వాడుక. అందులో క్రికెట్ టోపీలు, చిన్న బ్యాటు ఆకారముగల కీచైన్లు, కాగితపు జెండాలు, ఒక గులకరాయి ఉన్నవి. వాటి ప్రక్కనే మడతపెట్టిన పాత తువ్వాలు ఒకటి ఉన్నది. గడచిన నెలలో ఒక చిన్నవాడు ఒక్కొక్క వస్తువును చూపి, "ఇది ఏ స్టేడియంది మాస్టారూ?" అని అడుగుచుండెను. నేను చెప్పుచుంటిని. చివరకు వాడు తువ్వాలును చూపి, "మరి ఇది ఏ స్టేడియంది?" అనెను. నాకు నోట మాట రాలేదు. వానికి చెప్పలేకపోయిన జవాబును మీకు చెప్పుచున్నాను.

నా తమ్ముడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. మనకు క్రికెట్ ఎట్టిదో అక్కడివారికి బేస్‌బాల్ అట్టిది. గుండ్రని కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలలనున్న గుర్తులను చుట్టివచ్చినవానికి ఒక పరుగు. అక్కడి పెద్ద పోటీలలో 30 జట్లు ఆడును. బోస్టనులోని ఫెన్‌వే పార్కు 1912లోను, షికాగోలోని రిగ్లీ ఫీల్డు 1914లోను తెరువబడి నేటికిని నిలిచియున్నవి. వేసవిలో కుటుంబమంతయు కారెక్కి ఈ మైదానములను ఒక్కొక్కటిగా చూచుచు, ప్రతిచోట ఒక టోపీయో జెండాయో కొని దాచుకొనుట అక్కడ పలువురకు ముచ్చట. మా తమ్ముడు పంపిన ఫోటోలు చూచి నా కుమారుడు, "నాన్నా, మనమూ అలా వెళ్దాం" అని పట్టుబట్టెను.

అది 2012 వేసవి. మా ఊరు అప్పుడు విశాఖపట్నము జిల్లాలోనిది. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరినది. కారు అద్దెకు మాటాడితిమి. క్రికెట్ అననేమో తెలియని మా అమ్మ, "నానూ వస్తాన్రా" అనెను. మేము నవ్వితిమి. ఆమె రాదలచిన కారణము వేరు. ఆమె చెల్లెలు, అనగా మా పిన్ని, తుని దాటిన పిమ్మట రోడ్డునకు కొలది దూరములో ఒక పల్లెలో ఉండెను. మేము పోవు దారి అదియే. ఆ యేటి కొత్త బెల్లమును అమ్మ ఒక తువ్వాలులో మూటగట్టి ఒడిలో పెట్టుకొని కారెక్కెను.

మొదటి దినము విశాఖపట్నములో గడిపితిమి. 1988లో భారత, న్యూజిలాండ్ జట్లు ఆడిన ఇందిరా ప్రియదర్శిని స్టేడియమును చూచితిమి. పిమ్మట పోతినమల్లయ్యపాలెము వద్దనున్న కొత్త స్టేడియమునకు పోయితిమి. 2005 ఏప్రిల్ 5న పాకిస్తానుమీద ధోనీ 148 పరుగులు చేసినది అక్కడనే. లోనికి పోనిచ్చు దినము కాదు గనుక గోడ వెలుపలనే నిలిచి చూచితిమి. నా కుమారుడు ఆ గోడ మొదట ఒక గులకరాయిని ఏరుకొనెను.

మరునాడు విజయవాడకు బయలుదేరితిమి. తుని దాటుచుండగా అమ్మ ముందుకు వంగి, "ఒరే బాబూ, ఇక్కడ ఓ పాలి ఆపరా. సెల్లిని సూసి ఐదేళ్లయిపోనాది. ఓ గంట కూకుని ఎల్లిపోదాం" అనెను. నేను గడియారము చూచుకొంటిని. చీకటి పడకముందే ఇందిరాగాంధీ స్టేడియమును చూడవలెనను తొందర నాది. 2002లో భారత, వెస్టిండీస్ జట్లు ఆడిన చోటు అది. "వచ్చేటప్పుడు తప్పకుండా ఆపుతానమ్మా" అంటిని. అమ్మ మారుమాట పలుకలేదు. మూటను ఒడిలోనికి ఇంకొంచెము జరుపుకొనెను.

హైదరాబాదులో ఫతే మైదానును చూచితిమి. 1955లో అక్కడ మొదటి టెస్టు పోటీ జరిగెను. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. పిమ్మట, 2005లో అంతర్జాతీయ పోటీలు మొదలైన ఉప్పల్ స్టేడియమునకు పోయితిమి. అచ్చట టోపీలు బేరమాడుటలో రెండు గంటలు గడిచిపోయెను. ఆలస్యముగా బయలుదేరుటవలన తుని చేరుసరికి అర్ధరాత్రి దాటెను. అమ్మ కూర్చుండియే నిద్రపోయియుండెను. ఈ వేళ పిన్నిని లేపుట ఎందుకని, ఆపవద్దని డ్రైవరుతో చెప్పితిని. తెల్లవారుజామున ఇంటివద్ద కన్నులు తెరచి అమ్మ ఒక్కమాటయే అడిగెను: "తుని ఎల్లిపోనాదా?"

జూలైలో పిన్ని మరణించెనను కబురు వచ్చెను. ఆ దినము మాత్రము తునిలో ఆగుటకు మాకు తీరిక దొరికెను.

వానకాలపు చెమ్మకు మూటలోని బెల్లము నీరుకారి తువ్వాలునకు మరక పట్టెను. అమ్మ నన్ను ఎన్నడును ఒక్కమాట అనలేదు. అయిదేండ్లకు ఆమెయు ప్రభువునందు నిద్రించెను. ఆమె రేకుపెట్టె తెరచినప్పుడు చీరెల అడుగున ఆ తువ్వాలు కనబడెను. ఉతికినను మరక పోలేదు. నేను గుర్తులు కొని అద్దాల వెనుక పెట్టితిని. ఆమెకు మిగిలిన గుర్తు అది.

సహోదరులారా, ఒక గంట ఆపకపోవుట అంత నేరమా, పిన్ని మరణించునని ఎవరెరుగుదురు అని కొందరు నన్ను ఓదార్చిరి. నేనును అట్లే తలంచి చూచితిని. కాని పిన్ని ఇంకను పదియేండ్లు బ్రతికియున్నయెడల, నేను చేసినది మంచిదగునా? కానేరదు. అది నాకు తెలియకపోయియుండును, అంతియే. మరణము నా తప్పును కలిగింపలేదు, దానిని నాకు చూపించెను. చావు రానందున కనబడని ఇట్టి తప్పులు మన యిండ్లలో ఎన్ని ఉన్నవో ఆలోచించుడి.

ఆటలోనే ఒక పాఠము కలదు. బేస్‌బాల్‌లో బంతి జనములో పడినచో పట్టుకొన్నవాడు దానిని ఇంటికి తీసికొనిపోవచ్చును. తొలిదినములలో ఇది లేదు. 1921లో న్యూయార్కులో రూబెన్ బెర్మన్ అను ప్రేక్షకుడు బంతిని తిరిగి ఇయ్యనందున అతనిని మైదానమునుండి వెళ్లగొట్టిరి. అతడు వ్యాజ్యము వేసి 100 డాలర్లు గెలిచెను. క్రికెట్‌లో అట్లు కాదు. బంతి ఎంత దూరము పోయి జనములో పడినను దానిని మైదానములోనికి తిరిగి విసరవలెను. టెస్టు పోటీలో 80 ఓవర్లు పడువరకు కొత్త బంతి దొరకదు. ఆ పాత బంతితోనే ఆట సాగవలెను. మన చేతికి వచ్చినవన్నియు ఈ రెండు విధములే. కొన్ని మనము ఉంచుకొనదగినవి. కొన్ని మరియొకరికి అందవలసినవి. వాటిని మనయొద్ద నిలుపుకొన్నచో ఆట నిలిచిపోవును. టోపీలు మొదటి తరగతివి. బెల్లపు మూట రెండవ తరగతిది. నేను రెంటిని కలిపి ఇంటికి తెచ్చితిని.

అట్లయిన జ్ఞాపకార్థము వస్తువులు దాచుట దోషమా? కాదు. యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయము చదువుడి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు పండ్రెండు రాళ్లను మోసికొనివచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ముందు తరముల పిల్లలు వాటిని గూర్చి అడుగుదురనియు, తండ్రులు జవాబు చెప్పవలెననియు వారికి తెలుపబడెను. అయితే ఆ రాళ్లు నదిలో ఎక్కడివో గమనించితిరా? యాజకుల కాళ్లు నిలిచిన తావునుండి తీసినవి. జనులందరు దాటువరకు, ముసలివారును పసివారును ఒడ్డు చేరువరకు, ఆ యాజకులు మందసమును మోయుచు నది నడుమ నిలిచియుండిరి. అనగా, ఇతరులకొరకు ఒకరు ఆగిన చోటునుండి ఆ గుర్తులు వచ్చినవి. మా గుర్తులు మేము ఎవరికొరకును ఆగని దారినుండి వచ్చినవి. నా కుమారుని గులకరాయికిని యొర్దాను రాయికిని గల భేదము ఇదియే.

అందుచేత ఆ తువ్వాలును టోపీల ప్రక్కనే పెట్టితిని. టోపీలు పారవేయలేదు, అవి నా కుమారుని సంతోషము, అందులో దోషము లేదు. కాని మేము పోయిన చోట్లు మాత్రమే చూపు బీరువా సగము నిజమే చెప్పును.

రాబోవు వేసవిలో మీలో అనేకులు పిల్లలతో ప్రయాణములు చేయుదురు. చేయుడి, చూడుడి, నచ్చినది కొని తెచ్చుకొనుడి. అయితే బండి కదలకముందు అందులోని పెద్ద వయసువారిని ఒక్కమాట అడుగుడి: "అమ్మా, దారిలో నీకు ఎవరిని చూడాలని ఉంది?" వారు చెప్పిన ఊరిలో పోవునప్పుడే ఆపుడి. వచ్చునప్పుడు ఆపుదమని చెప్పవద్దు.

ఆ చిన్నవాడు మరల వచ్చినప్పుడు నేను వానికి చెప్పవలసిన జవాబు సిద్ధముగానున్నది: "ఇది స్టేడియంది కాదు బాబూ. మా అమ్మ ఆపమన్న ఊరిది. నేను ఆపలేదు."