వయసు కూడా జబ్బేనా?

పాతికేళ్ళవాడు పోతే, “అయ్యో, ఏమైంది?” అంటాం. ఎనభై ఏళ్ళావిడ పోతే, “వయసెంత?” అంటాం. జవాబు వినగానే, “పుణ్యాత్మురాలు, దాటిపోయింది” అనేసి లేచి వచ్చేస్తాం. అవునా, కాదా?

మా అత్తగారు పోయినప్పుడూ అంతే. ఆయాసంతో పదిరోజులు ఆస్పత్రిలో ఉన్నారు. ఒకరు గుండె అన్నారు, ఒకరు ఊపిరితిత్తులన్నారు. చివరికి అందరూ కలిసి “వయసండీ” అన్నారు.

ఆవిడ పోయిన గంటకి ఓ కుర్ర డాక్టరు మెల్లిగా వచ్చి, “దేనివల్ల పోయారో మాకు అంతుపట్టలేదమ్మా. మీరు ఒప్పుకుంటే శవపరీక్ష చేసి చూస్తాం” అన్నాడు. మావారు నా మొహం చూశారు. నేను మండిపడ్డాను. “బతికుండగా పొడిచిన సూదులు చాలవా నాయనా? ఇంకా కోస్తారా?”

పోస్టుమార్టం అంటే పోలీసులు, పంచనామా, వీధిలో గుసగుసలు – నాకు తెలిసింది అదే. పోలీసుల కోసం చేసేది వేరు. దానికి మన అనుమతితో పని లేదు. జబ్బు తెలుసుకోడానికి ఆస్పత్రివాళ్ళు చేసేది వేరు. అది ఇంటివాళ్ళు సరేనంటేనే. ఆ తేడా నాకు తరవాత తెలిసింది.

ఇంకో సంగతీ చదివాను. అమెరికాలో, బోస్టన్‌లోని ఒక ఆస్పత్రి డాక్టర్లు 1960, 1970, 1980లలో తమ దగ్గర జరిగిన శవపరీక్షలు ఏడాదికి నూరు చొప్పున తిరగేసి, 1983లో ప్రకటించారు. నూటికి సుమారు పదిమందిలో, ముందే కనిపెట్టి ఉంటే వైద్యం మారి మరికొన్నాళ్ళు బతికేవారేమో అనిపించే జబ్బు బయటపడింది. ఆ ఇరవై ఏళ్ళలో స్కానింగులు వచ్చినా ఆ లెక్క తగ్గలేదు!

అలాగని అందరూ ఒప్పుకుని తీరాలనను. పోయినవాళ్ళ ఇష్టం ఉంటుంది, ఇంటివాళ్ళ నమ్మకం ఉంటుంది. కాని నేను కాదన్నది నమ్మకంతో కాదు. నలుగురూ ఏమనుకుంటారో అని. పైగా, ఈ వయసులో తెలుసుకునేదేముందిలే అని. ఆవిడ శరీరాన్ని గౌరవించాననుకున్నాను. ఆవిడ పదిరోజులు పడ్డ బాధ ఏమిటో తెలుసుకోవడం మాత్రం గౌరవం కాదా?

మొన్న మా ఆడపడుచుకీ ఆయాసం మొదలైంది. తోడు వెళ్ళాను. డాక్టరు కాగితం ముందుకు లాక్కుని, “మీ అమ్మగారు దేనితో పోయారు?” అని అడిగాడు. వదిన నావైపు చూసింది.

“పెద్దవయసండీ...” అన్నాను.

“అది సరేనమ్మా, జబ్బేమిటి?” అన్నాడు, కలం పట్టుకుని.