దవడ పని చేతికి వచ్చాక

రెండు కణతల మీద వేళ్లు ఆనించి పళ్లు బిగిస్తే చర్మం కింద ఒక కండరం ఉబికి గట్టిపడుతుంది. పేరు టెంపొరాలిస్. తల పక్కన విసనకర్రలా పరుచుకుని, చెంప ఎముక కమాను కిందుగా దిగి, కింది దవడ కొమ్మును పట్టుకుంటుంది. ఆ కమాను నుంచి దవడ మూలకు దిగేది మాసెటర్. లోపలి వైపు టెరిగాయిడ్లు రెండు. మనం నమిలేదంతా ప్రధానంగా ఈ నాలుగు జతల బలంతోనే. మనిషిలో టెంపొరాలిస్ నడినెత్తికి చాలా దూరంలోనే ఆగిపోతుంది. వయసొచ్చిన మగ గొరిల్లాలో మాత్రం రెండు వైపుల నుంచీ నడినెత్తికి పాకుతుంది. అక్కడా చోటు చాలక, దాని పట్టు కోసం ఎముకే గట్టులా పైకి లేస్తుంది. 1959లో టాంజానియాలోని ఓల్డువై లోయలో మేరీ లీకీకి దొరికిన పుర్రె మీదా అలాంటి గట్టే ఉంది. సుమారు 17.5 లక్షల ఏళ్ల నాటి ఆ జీవిని ఇప్పుడు పరాంత్రోపస్ బోయిసీ అంటున్నారు. మన నెత్తిన ఆ గట్టు ఎందుకు లేదన్న ప్రశ్నకు ఆకర్షణీయమైన జవాబొకటి ప్రచారంలో ఉంది. అది నన్ను ఒప్పించలేదు.

2004లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యాన్సెల్ స్టెడ్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో ఆ జవాబు చెప్పింది. కోతుల దవడ కండరాల్లో ఒక రకం మయోసిన్ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు మనిషిలో చెడిపోయింది. ఆ చెడిపోవడం 24 లక్షల ఏళ్ల కిందట జరిగిందని వాళ్ల లెక్క. కండరం చిన్నదైంది, పుర్రె మీద బిగింపు సడలింది, మెదడు పెరగడానికి దారి దొరికింది. లోపమే వరమైందనే కథకు మనసు ఇట్టే లొంగుతుంది. కానీ పసితనంలో పుర్రె ఎలా పెరుగుతుందో చూస్తే ఈ కథ నిలవదు. పుర్రె ఎముకలు అతుకుల దగ్గర కలిసిపోకుండా ఉండి, లోపల మెదడు తోసేకొద్దీ విస్తరిస్తాయి. గొరిల్లా పిల్లలోనూ మెదడు చాలావరకు పెరిగేది మొదటి కొన్నేళ్లలోనే. భారీ కండరం, నెత్తిమీది గట్టు వచ్చేది ఎదిగాక. ఆలస్యంగా వచ్చిన కండరం, అప్పటికే పెరిగిపోయిన మెదడును ఎలా అడ్డుకుంటుంది? పైగా 2005లో మరో బృందం ఎక్కువ డీఎన్‌ఏను పరిశీలించి ఆ మార్పు వయసును 53 లక్షల ఏళ్లకు జరిపింది. అదే నిజమైతే, మన శాఖ నుంచి ఆ తరువాతెప్పుడో చీలిన పరాంత్రోపస్‌కూ ఆ లోపం ఉండి ఉండాలి. అంత దవడ ఉన్నదీ దానికే. జన్యు గడియారాలు ఇంత కచ్చితంగా ఉండవని అనవచ్చు, నిజమే. అయితే గొరిల్లా పిల్ల చెప్పే సాక్ష్యానికి తేదీతో పనిలేదు.

నా దృష్టిలో దవడ ఓడిపోలేదు, దాని పని బయటికి తరలింది. కాథరిన్ జింక్, డేనియల్ లీబర్మన్ 2016లో కొలిచి చూశారు: తిండిలో మూడో వంతు మాంసమై, దాన్ని రాతితో కోసి, దుంపలను చితక్కొట్టి తింటే, నిప్పు అవసరం లేకుండానే నమిలే సార్లు 17 శాతం, పెట్టాల్సిన బలం 26 శాతం తగ్గుతాయి. తరువాత వంట వచ్చి ఆ భారాన్ని ఇంకా దించింది. ఈ సంగతి తెలుగులో ఆలోచించేవారికి కొత్తగా వివరించనక్కర్లేదు. దంచడం, రుబ్బడం, నూరడం, విసరడం: ఒక్కో పనికి ఒక్కో మాట, రోలు, రుబ్బురోలు, సన్నికల్లు, తిరగలి అని ఒక్కోదానికి ఒక్కో రాయి. ఇవన్నీ దవడపళ్లు చేయాల్సిన పనులే. తిరగలిలో పై రాయి తిరుగుతుంది, నోట్లో కింది దవడ కదులుతుంది.

అలవాటు మారితే కండరం తగ్గుతుందేమో గానీ ఎముక ఆకారం వంశం నుంచి రావలసిందే కదా అన్న అభ్యంతరం బలమైనదే. దానికి సగం జవాబు హైరాక్స్ అనే చిన్న జంతువు ఇచ్చింది. 2004లో ప్రచురించిన ప్రయోగంలో కొన్నిటికి పచ్చి గట్టి తిండి, కొన్నిటికి వండిన మెత్తని తిండి పెట్టి పెంచారు. మెత్తనిది తిన్నవాటి ముఖంలో నమిలే ఒత్తిడి పడే భాగాలు దాదాపు 10 శాతం తక్కువగా పెరిగాయి. వంశం ఒకటే, జాతి ఒకటే, మారింది తిండి. మిగతా సగంలో అభ్యంతరం గెలుస్తుంది, గెలవాలి కూడా. పంటి పైభాగం చిగురు దాటి రాకముందే తయారైపోతుంది. దాని కొలతను ఏ నమలడమూ మార్చదు. దవడ మాత్రం ఎదిగే వయసంతా ఒత్తిడికి బదులిస్తూ పెరుగుతుంది. ఒకదాని కొలత ముందే ఖాయం, రెండోది తినే తిండిని బట్టి కొంత. ఈ రెంటికీ పొత్తు కుదరని చోటు పదిహేడేళ్లు దాటాక వచ్చే జ్ఞానదంతం దగ్గర బయటపడుతుంది. చాలామందిలో అది చోటు చాలక పక్కకు ఒరిగి, ఎముకలోనే ఇరుక్కుంటుంది. దాన్ని పనికిమాలిన పన్ను అనడం నాకు అన్యాయమనిపిస్తుంది. పన్ను తన కొలతకు తాను సరిగ్గానే వచ్చింది. దానికి చోటు చేయాల్సిన నమలడం చాలావరకు ఏనాడో రోట్లోకి, పొయ్యి మీదికి వెళ్లిపోయింది.