ఏ రేవున దిగుదము?

తిరుపతికి వచ్చిన చుట్టములు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "మాకున్న దొక్క పూట. ఏ తీర్థమున స్నానము చేయుమందురు?" కొండ దిగువను కపిలతీర్థము, కొండమీద ఆలయము ప్రక్కనే స్వామిపుష్కరిణి, అవ్వల ఆకాశగంగ, పాపవినాశనము, అడవిలో తలకోన, శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి కలవు. 2022లో తిరుపతి జిల్లా యేర్పడి గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతము లందు చేరినపిమ్మట, వాకాడు చెంతనున్న తూపిలిపాలెము సముద్రతీరమును ఈ లెక్కలోనికి వచ్చినది. ప్రశ్న చిన్నదే. కాని పదిమంది సొత్తులో తనకు నచ్చినదాని నేరుకొను తీరునందే మనుష్యుని నీతి బయలుపడునని మా తలంపు.

పుణ్యము కోరువానికి పుష్కరిణిని చూపవచ్చును; సౌందర్యము కోరువానికి సుమారు 270 అడుగుల ఎత్తునుండి దుముకు తలకోన జలపాతమును చూపవచ్చును. వీరితో మాకు పేచీ లేదు. కాని నేడు పలువురు కోరునది వేఱు: "జనము లేని చోటు చెప్పుడు." ఇట్లడుగువాడు తానును జనములోని వాడేయని మఱచుచున్నాడు. అతడు పోయిన క్షణముననే అచటి నిర్జనత్వము చెడును. తనవలె ఇతరులును కోరరాదనుకొన్నప్పుడే అతని కోరిక తీరును. అందఱికిని చెల్లని కోరికను ధర్మమని చెప్పుట కష్టము.

మన దేశమున జనము లేని చోటు తనంత నేర్పడినది కాదు. పెక్కుచోట్ల బలవంతముగా ఏర్పఱుపబడినది. 1927 మార్చి 20వ తేదీన మహాడ్ పట్టణమున అంబేడ్కరు వేలమందితో కూడి చవదార్ చెరువునకు నడచి దోసిలి నీరు త్రాగెను. ఆ చెరువును అందఱికిని తెఱచుచు పురపాలక సంఘము అంతకుముందే తీర్మానించినను, ఆనాడు వారికి లభించినవి దెబ్బలు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున బావులను, చెరువులను, స్నానఘట్టములను పేరుపేరున చెప్పి, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచే ఎవ్వరిని అడ్డగింపరాదని శాసించినది. స్నానఘట్టమను మాట అందు ఊరక చేరలేదు. కావున రేవున జనము మెండుగా నున్నదని విసుగుకొనువారు, ఆ జనములో కొందఱు అచటికి చేరుటకు ఎంత దూరము నడచిరో తలచుకొనవలెను.

"మఱి స్త్రీల మాట యేమి? వారు ఏకాంతము కోరుట తప్పా?" యని పాఠకు లడుగవచ్చును. కార్తికమాసపు వేకువను ఒక తీర్థమున మేము చూచినది చెప్పెదము. ఒక వృద్ధురాలు తడిచీరతో మెట్లపై వణకుచుండెను. మనుమరాండ్రిద్దఱు దుప్పటిని తెరపట్టగా ఆమె బట్ట మార్చుకొనెను. ఆమె కోరినది ఏకాంతము కాదు, మఱుగు. ఏకాంతము కోరువాడు ఇతరులు తొలగిపోవలెననును; మఱుగు కోరునామె ఇతరులతోబాటు తానును ఉండగోరును. మొదటిది ఎవనికిని బాకీ లేదు. రెండవది సంఘము తీర్పవలసిన ఋణము. నాలుగు గోడలతో తీఱు ఋణమది.

ఇంకొక సంగతి కలదు. ఏరుకొనుట యనునది సెలవును, బండియు, కొంత ధనమును కలవానికే సాధ్యము. పెక్కు నెలలు ఇసుకయే కనబడు స్వర్ణముఖి యొడ్డున కాపురమున్నవానికి, ప్రవహించిన దినములలో ఆ నీరే నీరు. ఒక రేవు చెడినదని కలవాడు మఱియొక రేవునకు పోవును. అదియు చెడినచో సముద్రమునకు పోవును. అతనితోబాటు అధికారులు చెవియొగ్గు గొంతుకయు వెడలిపోవును. ఏరుకొనగలవారు విడిచిన రేవు ఏరుకొనలేనివారికి మిగులును. అడుగువారు లేక అది నానాటికి పాడగును. మన యభిరుచి యని మనము ముద్దుగా పిలుచునది ఈ విధముగా ఇతరుల పాలిట దండన యగుచున్నది.

అట్లని చుట్టములను తలకోనకు పోవలదని చెప్పము. ఆ జలపాతము శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానములోనిది. శేషాచలారణ్యము 2010లో జీవావరణ రక్షితస్థానముగా ప్రకటింపబడినది. పోవువారు సీసాలను, సబ్బును అచట విడువక తిరిగిరావలెను. తరువాతివానికి మనము పొందిన నీరే దొరకవలెను గదా!

చుట్టము లీమాఱు అడిగినపుడు మేము మూడు ప్రశ్నలను తిరిగి యడుగుదుము. అచట ఎవ్వరినైనను దిగవలదందురా? ముసలమ్మ భయము లేక దిగి, మఱుగున బట్ట మార్చుకొనగలదా? మీ వెనుక వచ్చువానికి ఆ నీరట్లే యుండునా? మూటికిని తగిన సమాధానము వచ్చిన రేవు ఉత్తమము. రానిచోట స్నానము చేసి మెదలకుండ వెడలిపోవుట తగదు. ఒక గోడ కొఱకు ఒక యుత్తరమైనను వ్రాసి కదలవలెను. ఆ వృద్ధురాలు వచ్చు కార్తికమునకును అక్కడికే రాగలదు.